డిస్కు పోలేదు, ఫార్మాట్ చేయించకండి

ప్రశ్న: విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటాను. ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. విండోస్ 10కు అప్‌డేట్లు ఆగిపోవడంతో మా మేనల్లుడు నా పాత లాప్‌టాప్‌లో దాని బదులు లైనక్స్ మింట్ వేసి ఇచ్చాడు. మిగతావన్నీ బాగున్నాయి గానీ రౌటరుకు తగిలించిన ఒక టెరాబైట్ హార్డ్ డిస్కు మాత్రం తెరుచుకోవడం లేదు. మా బడి వార్షికోత్సవాల ఫోటోలు, మా నాన్నగారి ఉత్తరాల స్కాన్లు, హుద్‌హుద్ తుపాను మర్నాడు బీచ్ రోడ్డులో మావారు తీసిన ఫోటోలు, అన్నీ కలిపి 180 జీబీ దాకా అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు. ఫైల్ మేనేజర్‌లో 'నెట్‌వర్క్' నొక్కితే ఖాళీగా కనిపిస్తోంది. మేనల్లుడు ఫోనులో చెప్పిన కమాండు కొడితే మొదట 'బ్యాడ్ సూపర్‌బ్లాక్' అనీ, ఏదో ప్యాకేజీ వేయించాక 'హోస్ట్ ఈజ్ డౌన్' అనీ వచ్చింది. టీవీలో మాత్రం అదే డిస్కులోని పాటలు వస్తున్నాయి. విండోస్ ఉన్నప్పుడు ఇదే లాప్‌టాప్‌లో డిస్కు తెరుచుకునేది. ఒక దుకాణంలో అడిగితే డిస్కు చెడిపోయింది, ఫార్మాట్ చేయాలన్నారు. చేయించమంటారా?

సమాధానం: వద్దు, టీచర్ గారూ. ఎవరు చెప్పినా చేయించకండి. మీరు రాసిన రెండు సందేశాల్లో ఏ ఒక్కటీ డిస్కు గురించి చెప్పడం లేదు. రెండూ భయపెట్టే మాటలే, కానీ రెండింటికీ కారణం లాప్‌టాప్‌కూ రౌటరుకూ మధ్య ఉంది. హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకింది 2014 అక్టోబరు 12న. ఆ మర్నాటి బీచ్ రోడ్డును ఇప్పుడు ఎవరు వెళ్లినా ఫోటో తీయలేరు. అందుకే ముందు ఫోటోలను భద్రం చేసే పని చెబుతాను, నెట్‌వర్కు సంగతి ఆ తరువాత.

డిస్కును రౌటరు నుంచి తీసి నేరుగా లాప్‌టాప్‌కు తగిలించండి. తీసే ముందు రౌటరు సెట్టింగుల పేజీలో యూఎస్‌బీ డిస్కును సురక్షితంగా తొలగించే మీట ఉంటే అది నొక్కండి. లేకపోతే ఎవరూ దాన్ని వాడని సమయం చూసి, టీవీ కూడా ఆపి, రౌటరు స్విచ్ కట్టేసి అప్పుడు తీయండి. డిస్కు విండోస్ పద్ధతిలో, అంటే ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫార్మాట్ అయి ఉన్నా మింట్ చదువుతుంది. తగిలించగానే ఫైల్ మేనేజర్‌లో ఎడమవైపు దాని పేరు కనబడాలి. మీ లాప్‌టాప్‌లో చోటు చాలకపోతే ఇంకో బయటి డిస్కు కొని, 180 జీబీనీ దానిలోకి కాపీ చేయండి. యూఎస్‌బీ 2.0 పోర్టులో కూడా రెండు గంటలకు కాస్త అటూ ఇటూగా పూర్తవుతుంది. పాత డిస్కులోని ఫోల్డర్ మీద, కొత్త కాపీ మీద కుడి మీట నొక్కి ప్రాపర్టీస్ చూసి, ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం సరిపోయాయో లేదో పోల్చుకోండి.

ఒకవేళ నేరుగా తగిలించినప్పుడు 'మౌంట్ చేయలేము', అంటే డిస్కును తెరవలేము అని వస్తే, అప్పుడు కూడా ఫార్మాట్ జోలికి వెళ్లకండి. కరెంటు పోయినప్పుడు రౌటరు హఠాత్తుగా ఆగిపోతే ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కు మీద 'సరిగ్గా మూయలేదు' అనే గుర్తు మిగిలిపోతుంది. ఆ గుర్తు చూసి లైనక్స్ జాగ్రత్తపడి తెరవడం మానేస్తుంది. అలాంటప్పుడు ఎవరిదైనా విండోస్ కంప్యూటర్‌కు తగిలించి అక్కడ తెరుచుకుంటే ముందు కాపీ తీసుకోండి. ఆ డిస్కును సరిచూసే చెక్‌డిస్క్ తరువాత నడపవచ్చు. డిస్కు నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఏ ప్రయత్నమూ చేయకుండా విప్పేసి, డేటా రికవరీ తెలిసినవారి దగ్గరకు తీసుకెళ్లండి. మీ టీవీలో పాటలు సాఫీగా వస్తున్నాయంటే అంతదాకా వచ్చిందని నేను అనుకోను.

కాపీ చేతికి వచ్చాక మిగతాది చదవండి.

'బ్యాడ్ సూపర్‌బ్లాక్' అనే మాటను ఆ దుకాణంవారు డిస్కుకు అంటగట్టడం చూసి నాకు బాధ కలిగింది. లైనక్స్‌లో మౌంట్ కమాండు విఫలమైనప్పుడు ఒకే పొడవాటి వాక్యం వస్తుంది. ఫైల్ సిస్టమ్ రకం తప్పు కావచ్చు, ఇచ్చిన ఆప్షన్ తప్పు కావచ్చు, సూపర్‌బ్లాక్ (డిస్కు అమరిక వివరాలు రాసి ఉండే భాగం) చెడి ఉండవచ్చు, సహాయక ప్రోగ్రాం లేకపోయి ఉండవచ్చు అని నాలుగైదు అనుమానాలను వరుసగా చెబుతుంది. మీ విషయంలో చివరిదే నిజం. నెట్‌వర్కు డిస్కును మౌంట్ చేయడానికి సీఐఎఫ్ఎస్ యుటిల్స్ అనే చిన్న ప్యాకేజీ ఉండాలి. మీ లాప్‌టాప్‌లో మొదట అది లేదు. మీ మేనల్లుడు వేయించిన 'ఏదో ప్యాకేజీ' అదే అయి ఉండాలి, అందుకే ఆ తరువాత సందేశం మారింది. మధ్యలోని ఒక్క మాట పట్టుకుని డిస్కు పోయిందనడం సరికాదు. నెట్‌వర్కు మీదుగా అడిగినప్పుడు డిస్కులోని సూపర్‌బ్లాక్‌ను మీ లాప్‌టాప్ అసలు చూడనే చూడదు, చూసేది రౌటరు.

ఇక 'హోస్ట్ ఈజ్ డౌన్'. అవతలి యంత్రం పడిపోయి ఉంది అని దీని అర్థం, అంటే రౌటరు పని చేయడం లేదని. కానీ అదే రౌటరు మీదుగా మీరు నాకు ఈ ఉత్తరం పంపారు. మరి ఆ మాట ఎందుకు వచ్చిందో తెలుసుకుంటే మీ సమస్య ముప్పాతిక వంతు తీరినట్టే.

కంప్యూటర్లు ఒకదాని ఫోల్డర్లు మరొకటి తెరవడానికి వాడే పద్ధతి పేరు ఎస్ఎంబీ. 1980ల్లో ఐబీఎంలో పుట్టింది, తరువాత మైక్రోసాఫ్ట్ పెంచింది. లైనక్స్ ప్రపంచంలో దానికి జవాబు సాంబా అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టారు. మీ రౌటరు లోపల కూడా ఒక చిన్న లైనక్స్, దాని మీద ఒక సాంబా నడుస్తూ ఉండే అవకాశమే ఎక్కువ. అయితే చవక రౌటర్లలో పెట్టే సాంబా చాలా పాతది. దానికి సాధారణంగా ఎస్ఎంబీ మొదటి వెర్షన్ తప్ప మరొకటి తెలియదు. మీ కొత్త మింట్ తలుపు తట్టేది రెండో వెర్షన్ భాషలో, మూడో వెర్షన్ భాషలో. ఆ పలకరింపు అర్థం కాక రౌటరు మాట్లాడకుండా కనెక్షన్ తెంపేస్తుంది. జవాబు రాలేదు కాబట్టి అవతల ఎవరూ లేరని మీ లాప్‌టాప్ తేల్చేస్తుంది. ఈ మౌనమే 'హోస్ట్ ఈజ్ డౌన్'గా మీకు కనిపించింది.

కొత్త లైనక్స్ పాత భాష ఎందుకు మానేసిందో కూడా చెప్పాలి, ఎందుకంటే తరువాత నేను చెప్పబోయే జాగ్రత్తకు మూలం అదే. 2017 మేలో వానాక్రై అనే మాల్‌వేర్ ప్రపంచమంతా పాకింది. విండోస్‌లోని ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌లో ఉన్న లోపాన్ని పట్టుకుని ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి దూకింది. మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా ఆ దెబ్బ తిన్నాయి. ఆ పాత వెర్షన్‌ను వదలమని మైక్రోసాఫ్ట్ అంతకుముందు నుంచే చెబుతోంది. అదే సంవత్సరం లైనక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ 4.13 వెర్షన్ నుంచి మౌంట్ కమాండు దాన్ని తనంతట తాను వాడడం మానేసింది. 2019లో వచ్చిన సాంబా 4.11 కూడా అదే దారి పట్టింది. విండోస్ 10 కూడా 2017 చివరి నుంచి పాత వెర్షన్‌ను తీసేయడం మొదలుపెట్టింది గానీ, వాడుకలో ఉన్నచోట అలాగే ఉండనిచ్చింది. మీరు రోజూ ఆ డిస్కు తెరిచేవారు కాబట్టి మీ విండోస్‌లో అది మిగిలి ఉంటుంది. అప్పుడు తెరుచుకుని ఇప్పుడు తెరుచుకోకపోవడానికి కారణం అది.

టీవీ మాటకొస్తే, టీవీ వాడే దారి వేరు. రౌటరు పాటలను, వీడియోలను డీఎల్ఎన్ఏ అనే మరో పద్ధతిలో టీవీకి అందిస్తుంది. కాబట్టి టీవీలో పాట వస్తోందంటే డిస్కు తిరుగుతోంది, రౌటరు దాన్ని చదవగలుగుతోంది అని అర్థం. మీకు ఇంతకన్నా మంచి కబురు లేదు. ఎస్ఎంబీ మాట మాత్రం దాన్నిబట్టి తెలియదు.

సరే, ఇప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చోండి. కమాండులు ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి. ఇక్కడ పలికే తీరులో రాస్తున్నాను, తికమకపడే చోట అక్షరాలు విడదీసి చెబుతాను. పక్కన మేనల్లుడు ఫోనులో ఉంటే ఇంకా తేలిక.

మొదట చూడవలసింది లాప్‌టాప్, డిస్కు ఒకే నెట్‌వర్కులో ఉన్నాయా అని. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్లలో కంపెనీవారు ఇచ్చిన పెట్టె ఒకటి, మనం కొనుక్కున్న రౌటరు ఒకటి ఉండడం మామూలు. రెండూ వైఫై ఇస్తాయి. డిస్కు మీ రౌటరుకు ఉండి, లాప్‌టాప్ కంపెనీ పెట్టె వైఫైకి కలిసి ఉంటే, ఇంటర్నెట్ బాగానే వస్తుంది గానీ డిస్కు ఎన్నటికీ కనబడదు. బయటినుంచి వచ్చే అభ్యర్థనలను లోపలి రౌటరు అడ్డుకుంటుంది. అతిథుల కోసం పెట్టే గెస్ట్ వైఫైలో ఉన్నా అంతే. వైఫై గుర్తు మీద నొక్కి కనెక్షన్ వివరాలు తెరిస్తే 'డిఫాల్ట్ రూట్' లేదా 'గేట్‌వే' అని ఒక చిరునామా ఉంటుంది. 192.168.1.1 అనో 192.168.0.1 అనో ఉండవచ్చు. డిస్కు తగిలించిన రౌటరు చిరునామా అదేనా అని రూఢి చేసుకోండి. మీకు 'హోస్ట్ ఈజ్ డౌన్' వచ్చింది కాబట్టి నా అనుమానం దీని మీద తక్కువే, కానీ చూడడానికి నిమిషం పట్టదు.

'నెట్‌వర్క్' విండో ఖాళీగా ఉండడాన్ని పట్టించుకోకండి. పేర్లతో వెతికే ఆ పాత ఏర్పాటు కూడా ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌తోపాటే పోయింది. దాని బదులు ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, ఎల్ మీటలు కలిపి నొక్కి, పైన వచ్చే గడిలో ఎస్ఎంబీ అక్షరాలు, కోలన్, రెండు స్లాష్‌లు, ఆ వెంటనే రౌటరు చిరునామా రాసి ఎంటర్ నొక్కండి. తెరుచుకుంటే ఇక్కడితో పని అయిపోయింది.

తెరుచుకోలేదంటే చాలామంది చిక్కుకునే చోటికి వచ్చాం. లైనక్స్‌లో నెట్‌వర్కు ఫోల్డరుకు వెళ్లే దారులు రెండు. ఫైల్ మేనేజర్‌లో నొక్కి వెళ్లేది సాంబా లైబ్రరీ మీదుగా పోతుంది. కమాండులు కొట్టే విండోలో, అంటే టెర్మినల్‌లో, మౌంట్ కమాండు కొడితే పోయేది కెర్నెల్ మీదుగా. ఒకదానికి చేసిన మార్పు రెండోదానికి తెలియదు. సాంబా సెట్టింగు మార్చి మౌంట్ కమాండు కొట్టి, అదే తప్పు మళ్లీ వచ్చిందని నిరాశపడేవారు, మౌంట్ కమాండు సరిచేసుకుని ఫైల్ మేనేజర్ ఎందుకు తెరవడం లేదని తల పట్టుకునేవారు ఎందరో. ఏ దారిలో వెళ్తున్నారో ముందు ఒకటి అనుకుని, దాన్నే సరిచేయండి.

నేను మీకు చెప్పేది మౌంట్ దారి. మీ మేనల్లుడు చెప్పిన కమాండులో చిన్న గీత, ఓ అక్షరం తరువాత యూజర్ నేమ్ వగైరా ఉన్నాయి కదా, వాటి చివర ఖాళీ వదలకుండా కామా పెట్టి, వీ ఈ ఆర్ ఎస్ అనే నాలుగు అక్షరాలు, సమానం గుర్తు, 2.0 అని చేర్చండి. ఒకటికి వెళ్లే ముందు రెండు ఎందుకంటే, కొన్ని రౌటర్లకు రెండో వెర్షన్‌లోని తొలి రూపం వచ్చు, కానీ కెర్నెల్ తనంతట తాను 2.1 నుంచే మొదలుపెడుతుంది కాబట్టి ఆ ఒక్కటి తప్పిపోతుంది. 2.0తో తెరుచుకుంటే అది మీ అదృష్టం, పాత వెర్షన్ జోలికి వెళ్లనక్కరలేదు. మళ్లీ 'హోస్ట్ ఈజ్ డౌన్' అంటే 1.0 అని మార్చి కొట్టండి. మీ రౌటరు దీనికి పలుకుతుందని నా నమ్మకం.

అదే వరుసలో ఇంకో రెండు చేరిస్తే మంచిది. యూఐడీ సమానం 1000 అని రాస్తే ఫైళ్ల మీద హక్కులు మీ పేరున ఉంటాయి. లేకపోతే చూడగలరు గానీ కొత్తవి దాచుకోలేరు. ఐఓ క్యార్‌సెట్, అంటే ఐ ఓ సీ హెచ్ ఏ ఆర్ ఎస్ ఈ టీ, సమానం యూటీఎఫ్8 అని రాస్తే తెలుగు పేర్లున్న ఫోల్డర్లు ప్రశ్నార్థకాలుగా కాకుండా తెలుగులో కనిపిస్తాయి. నాన్నగారి ఉత్తరాలకు మీరు తెలుగులోనే పేర్లు పెట్టుకుని ఉంటారని ఇది రాస్తున్నాను.

సందేశం మారితే సంతోషించండి. 'పర్మిషన్ డినైడ్' వచ్చిందంటే ఇద్దరూ మాట్లాడుకున్నారు, ఇక పాస్‌వర్డ్ దగ్గరే ఆగారు. చాలా రౌటర్లలో డిస్కుకు వేరే పాస్‌వర్డ్ ఉండదు, సెట్టింగుల పేజీ తెరిచే పేరు, పాస్‌వర్డ్‌లే పనిచేస్తాయి. వైఫై పాస్‌వర్డ్ కాదు. 'నో సచ్ ఫైల్' అని వస్తే డిస్కుకు రౌటరు పెట్టిన పేరు తప్పు రాశారు. సరైన పేరు రౌటరు సెట్టింగుల్లో యూఎస్‌బీ నిల్వకు సంబంధించిన పేజీలో ఉంటుంది. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా రాయండి.

మౌంట్ దారే ఎందుకన్నానంటే, 1.0 అన్న మినహాయింపు ఆ ఒక్క డిస్కుకే పరిమితమవుతుంది. ఫైల్ మేనేజర్ దారిలో అయితే ఈటీసీ ఫోల్డరు, దానిలో సాంబా, దానిలో ఎస్ఎంబీ డాట్ కాన్ఫ్ అనే ఫైలు తెరిచి, గ్లోబల్ అన్న శీర్షిక కింద 'క్లయింట్ మిన్ ప్రోటోకాల్' సమానం ఎన్‌టీ1 అని ఒక వరుస రాయాలి. ఆ తరువాత లాగౌట్ అయి మళ్లీ రావాలి. అది పనిచేస్తుంది గానీ, ఆ లాప్‌టాప్ ఎక్కడికి వెళ్లినా, ఏ వైఫైకి కలిసినా పాత భాషకు ఒప్పుకుంటుంది. ఇల్లు దాటని కంప్యూటర్ అయితే సరే, రైల్వే స్టేషన్ వైఫైలో కూడా వాడే లాప్‌టాప్‌కు ఆ పని వద్దంటాను. మౌంట్ కమాండును ప్రతిసారీ కొట్టనక్కరలేకుండా లాప్‌టాప్ మొదలైనప్పుడు తెరవవలసిన డిస్కుల జాబితా ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో రాయమని మీ మేనల్లుడికి చెప్పండి. అందులో 'నోఫెయిల్' అనే మాట మరిచిపోవద్దనండి. అది లేకపోతే రౌటరు ఆగి ఉన్న రోజున లాప్‌టాప్ మొదలవడానికే మొరాయించవచ్చు.

రౌటరు సెట్టింగుల్లో ఒకటి తప్పక చూడండి. డిస్కును ఇంటర్నెట్ నుంచి తెరిచే సౌకర్యం ఆన్ అయి ఉంటే వెంటనే ఆపండి. పాత ఎస్ఎంబీ మీ ఇంటి నాలుగు గోడల మధ్య ఉన్నంతవరకు నేను ఒప్పుకుంటాను, వీధిలోకి రాకూడదు. అదే పేజీలో ఫర్మ్‌వేర్, అంటే రౌటరు లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ ఉంటే చేయించండి. కొన్ని రౌటర్లలో అప్‌డేట్ తరువాత ఎస్ఎంబీ రెండో వెర్షన్ ఎంచుకునే వీలు వస్తుంది, అప్పుడు పైన చెప్పిన మినహాయింపులేవీ అక్కరలేదు.

రౌటరుకు తగిలించిన డిస్కు మీద నా అభిప్రాయం కూడా చెబుతాను. అది అందరూ చూసుకోవడానికి అనుకూలమైన చోటు, దాచుకోవడానికి కాదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చే కరెంటు 500 మిల్లీ ఆంపియర్లు. బయటి హార్డ్ డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో అంతకన్నా ఎక్కువ అడగవచ్చు. దానికి తోడు రౌటరు వేడి, వేసవిలో కరెంటు కోతలు, మీలా సముద్రానికి దగ్గరలో ఉన్నవారికి పిన్నులను తినేసే ఉప్పుగాలి. అందుకని కొత్తగా తీసిన కాపీని రౌటరుకు తగిలించి, పాత డిస్కును బీరువాలో పెట్టవచ్చు, లేదా పాతది అక్కడే ఉంచి కొత్తదాన్ని భద్రపరచవచ్చు. మూడో కాపీ ఒకటి మేనల్లుడి ఇంట్లో ఉంటే నాకు ఇంకా నిశ్చింత, తుపాను ఊళ్లో ఒక ఇంటినే ఎంచుకుని రాదు కదా.

ఇవన్నీ చేసినా తెరుచుకోకపోతే, మౌంట్ కమాండు విఫలమైన వెంటనే టెర్మినల్‌లో సుడో అని రాసి, ఖాళీ వదిలి, డీ ఎం ఈ ఎస్ జీ అనే అయిదు అక్షరాలు కొట్టి, వచ్చినదానిలో సీఐఎఫ్ఎస్ పేరున్న చివరి వరుసలను నాకు పంపండి. రౌటరు వెనుక అట్ట మీద ఉన్న మోడల్ పేరు కూడా రాయండి. పాస్‌వర్డ్ మాత్రం ఉత్తరంలో పెట్టకండి.